స్కోరు పట్టికలో పేరు కనిపించని ఆటగాడి గొప్పతనాన్ని ఎలా నిర్ధారించాలి? (బిల్ విల్లిస్, అమెరికన్ ఫుట్‌బాల్)

హనుమకొండ వ్యాయామ ఉపాధ్యాయుడు:

సభ్యులందరికీ నమస్కారం. నేను హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా గోడపత్రికలో నెలకొక క్రీడాకారుడి జీవితాన్ని విద్యార్థుల చేతనే రాయిస్తుంటాము. ఈసారి తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు బిల్ విల్లిస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడిని ఎంచుకున్నాడు. ఆ పిల్లవాడి మేనమామ ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉద్యోగం చేస్తున్నాడట, విల్లిస్ కూడా ఆ ఊరివాడే.

వాడు రాసుకొచ్చిన ప్రతిలో తేదీలు బాగానే ఉన్నాయి. 1921లో పుట్టాడు, 1946 నుంచి 1953 వరకు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు ఆడాడు, 1977లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (మేటి ఆటగాళ్ల గౌరవ మందిరంలో) చేరాడు. మిగిలిన పేజీ అంతా "మహావీరుడు", "మెరుపు వేగం", "సాటిలేని ప్రతిభ" వంటి మాటలతో నిండిపోయింది. ఇతడు మొత్తం మీద ఎన్ని పాయింట్లు చేశాడని అడిగితే, "పాయింట్లు చేసే స్థానం కాదు సార్, లైన్‌లో ఆడేవాడు" అన్నాడు. అది నిజమే కావచ్చు. మన కబడ్డీలో కూడా రైడర్ తెచ్చిన పాయింట్లు ఊరంతా చెప్పుకుంటారు గాని, రైడర్‌ను తన వైపు రానీయకుండా మూలన కాపు కాసినవాడి పేరు మరునాటికి ఎవరికీ గుర్తుండదు. కాని అంకెలు లేనప్పుడు ఒక ఆటగాడు గొప్పవాడని పిల్లవాడు దేనిని చూసి రాయాలి, నేను దేనిని చూసి దిద్దాలి?

ఇంకొక సందేహం కూడా ఉంది. "వృత్తి ఫుట్‌బాల్‌లో మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు" అని వాడు శీర్షిక పెట్టాడు. ఆ మాటను అలాగే ఉంచవచ్చునా? ఈ ఆట తెలిసినవారు దయచేసి వివరించగలరు.

కాజీపేట జంక్షన్:

సార్, మీ కబడ్డీ పోలిక దగ్గరగానే ఉంది, కాని కబడ్డీలో రైడర్‌ను పట్టినందుకు కనీసం జట్టుకు పాయింటు వస్తుంది. అక్కడి లైన్ ఆటగాడి పనికి నేరుగా ఏదీ రాదు, అతడి పని వల్ల వచ్చిన ఫలితం ఎక్కువసార్లు వేరొకరి ఖాతాలో పడుతుంది.

ఆట పద్ధతి క్లుప్తంగా చెబుతాను. బంతి ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. 11 మందిలో కనీసం ఏడుగురు బంతి ఉన్నచోట అడ్డంగా ఊహించుకున్న గీత మీద వరుసగా నిలబడాలి. వరుస నడుమ సెంటర్ ఉంటాడు, అతడికి చెరొక పక్కన గార్డ్, వారికి ఆవల టాకిల్ ఉంటారు. సెంటర్ వంగి, నేల మీద ఉన్న బంతిని తన కాళ్ల సందు నుంచి వెనుకనున్న క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతిని విసిరేవాడు) చేతికి అందిస్తాడు. ఆ క్షణం నుంచి క్వార్టర్‌బ్యాక్‌కు దొరికే వ్యవధి కొద్ది సెకన్లే. ఆ వ్యవధిని కాపాడడం ఒక జట్టు లైన్ పని, దానిని చెడగొట్టడం ఎదుటి జట్టు లైన్ పని.

1940లలో ఎదుటి జట్టు చాలాసార్లు ఐదుగురిని గీత మీద నిలిపేది, వారిలో సరిగ్గా సెంటర్ ముఖానికి ఎదురుగా నిలబడేవాడిని మిడిల్ గార్డ్ అనేవారు. విల్లిస్ స్థానం అదే. మిడిల్ గార్డ్ సెంటర్‌ను వెనక్కి నెట్టుకుంటూ పోతే క్వార్టర్‌బ్యాక్ తొందరపడి బంతిని విసురుతాడు, అది దారి తప్పి వెనుక కాపలా ఉన్నవాడి చేతిలో పడుతుంది, పట్టికలో ఆ పట్టినవాడి పేరే రాస్తారు. క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా పడగొట్టడాన్ని ఇప్పుడు శాక్ అని లెక్కిస్తున్నారు గాని, ఆ లెక్కను ఎన్‌ఎఫ్‌ఎల్ (అక్కడి ప్రధాన వృత్తి ఫుట్‌బాల్ లీగ్) అధికారికంగా మొదలుపెట్టిందే 1982లో. విల్లిస్ ఆట మానేసి అప్పటికి మూడు దశాబ్దాలు కావస్తోంది. కాబట్టి మీ విద్యార్థి అంకెలు వెతకక కాదు, ఆ అంకెలను అప్పట్లో ఎవరూ రాసిపెట్టలేదు.

పాత ఆర్‌ఈసీ విద్యార్థి:

నేను వరంగల్ ఆర్‌ఈసీలో చదివి, తరువాత క్లీవ్‌లాండ్ పరిసరాలలో కొన్నేళ్లు పనిచేశాను. ఈ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కాంటన్ పట్టణం అక్కడికి గంట ప్రయాణం. లోపల ప్రతి ఆటగాడికీ ఒక కంచు శిరోవిగ్రహం ఉంటుంది. పరుగుల వీరుల విగ్రహాల ముందు జనం ఎక్కువగా ఆగుతారు, విల్లిస్ వంటివారి ముందు అంతగా ఆగరు. అందువల్ల మీ విద్యార్థి ఎంపిక నాకు చాలా నచ్చింది.

అంకెలు లేనప్పుడు నేను చూసేది ఒక్కటే: అతడు మైదానంలో ఉన్నందువల్ల మిగిలినవారు తమ పద్ధతిని మార్చుకోవలసి వచ్చిందా? విల్లిస్ విషయంలో దీనికి మంచి ఉదాహరణలు దొరుకుతాయి.

మొదటిది అతడు బ్రౌన్స్ జట్టులో చేరిన తీరు. అతడికి ఊహ తెలియకముందే తండ్రి చనిపోయాడు. అన్న క్లాడ్ పాఠశాల జట్టులో పేరుపొందిన ఫుల్‌బ్యాక్, అంటే బంతి పట్టుకొని పరుగెత్తేవాడు. అదే స్థానంలో ఆడితే జీవితాంతం అన్నతో పోలుస్తారని తమ్ముడు లైన్‌ను ఎంచుకున్నాడు. తరువాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పాల్ బ్రౌన్ అనే శిక్షకుడి కింద ఆడాడు. 1942లో ఆ విశ్వవిద్యాలయం మొదటిసారి జాతీయ విజేతగా నిలిచింది. యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి ముందుకు వెళ్లినా, కాళ్ల నరాలు ఉబ్బి ఉన్నాయని వైద్యపరీక్షలో తిప్పి పంపారు. 1943, 1944 సంవత్సరాలలో ఆల్ అమెరికన్ జట్లకు, అంటే దేశంలోని మేటి కళాశాల ఆటగాళ్ల జాబితాలకు ఎంపికయ్యాడు. ఇంత చేసినా 1945లో చదువు ముగిసేనాటికి అతడికి వృత్తి ఫుట్‌బాల్‌లో చోటు లేదు, ఎందుకంటే అప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు నల్లజాతివారిని తీసుకునేవి కావు. అందుకని కెంటకీ స్టేట్ కళాశాలలో శిక్షకుడిగా చేరాడు.

1946లో పాల్ బ్రౌన్ క్లీవ్‌లాండ్‌లో కొత్త జట్టును నిర్మిస్తున్నాడని తెలిసి విల్లిస్ అవకాశం అడిగాడు, కాని తేలిక జవాబు రాలేదు. ఇక కెనడాలోని మాంట్రియల్ జట్టుకు వెళ్లిపోదామని నిశ్చయించుకున్న సమయంలో, పాల్ హోర్నంగ్ అనే కొలంబస్ పత్రికా విలేఖరి (ఇదే పేరుగల ప్రసిద్ధ ఆటగాడు వేరు, పిల్లవాడు పొరబడకుండా చూడండి) దారిలో బౌలింగ్ గ్రీన్ పట్టణంలో బ్రౌన్స్ శిక్షణ శిబిరం జరుగుతోందని, ఒకసారి అక్కడ ఆగి వెళ్లమని నచ్చజెప్పాడు. విల్లిస్ ఆగాడు. మొదటి సాధనలోనే అతడిని మో స్కారీ అనే అనుభవజ్ఞుడైన సెంటర్‌కు ఎదురుగా నిలిపారు. బంతి కదిలిందో లేదో విల్లిస్ స్కారీని దాటి క్వార్టర్‌బ్యాక్ మీద పడ్డాడు. మళ్లీ చేయించారు, మళ్లీ అదే జరిగింది. ఇతడు బంతి కదలకముందే గీత దాటుతున్నాడు, అంటే ఆఫ్‌సైడ్ అవుతున్నాడు అని సెంటర్ ఫిర్యాదు చేయగా, శిక్షకులు దగ్గరగా వంగి గమనించారు. ఆఫ్‌సైడ్ లేదు. సెంటర్ బంతిని అందించబోయే ముందు అతడి వేళ్లు బిగుసుకుంటాయని, తాను ఆ చేతినే చూస్తూ కదులుతానని విల్లిస్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

సార్, మీ విద్యార్థి "మెరుపు వేగం" అన్న మాటను కొట్టివేసి ఈ సంఘటనను రాస్తే చాలు. విల్లిస్ బరువు సుమారు 96 కిలోలు. తనకంటే బరువైనవారిని ఎదుర్కోవలసిన స్థానంలో అతడు బలం కంటే చూపునూ మొదటి అడుగునూ నమ్ముకున్నాడు.

రెండవ ఉదాహరణ 1950 డిసెంబర్ 17న జరిగిన మ్యాచ్. దాని ముందు సంగతి కొంచెం చెప్పాలి. బ్రౌన్స్ జట్టు 1946లో చేరింది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాదు, దానికి పోటీగా పుట్టిన ఏఏఎఫ్‌సీ అనే సంఘంలో. ఆ సంఘం నడిచిన నాలుగేళ్లూ వీళ్లే విజేతలు, 1948లో అయితే ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1950లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చినప్పుడు, అసలైన జట్లతో తలపడితే వీళ్ల బండారం బయటపడుతుందని చాలామంది అన్నారు. మొదటి మ్యాచ్‌లోనే బ్రౌన్స్ అంతకు ముందటి ఏటి విజేత ఫిలడెల్ఫియా ఈగల్స్‌ను వారి ఊళ్లోనే 35–10తో ఓడించారు. అయితే న్యూయార్క్ జెయింట్స్ మాత్రం ఆ ఏడాది వీరిని రెండుసార్లు ఓడించింది. రెండు జట్లూ 10 గెలుపులు, 2 ఓటములతో సమానంగా నిలవడంతో ఎవరు ఫైనల్‌కు వెళ్లాలో తేల్చడానికి క్లీవ్‌లాండ్‌లో మరొక మ్యాచ్ పెట్టారు.

చలికి బిగుసుకుపోయిన మైదానం, పాయింట్లు రావడమే గగనం. నాలుగో భాగంలో బ్రౌన్స్ 3–0తో ముందున్న సమయంలో జెయింట్స్ ఆటగాడు జీన్ రాబర్ట్స్ అందరినీ తప్పించుకొని టచ్‌డౌన్ (బంతితో మైదానం చివరి గీత దాటడం) వైపు దూసుకుపోయాడు. అతడు బంతి పట్టుకొని పరుగెత్తడమే పనిగా ఉన్నవాడు. అతడిని వెనుక నుంచి తరిమి, ఆ చివరి గీతకు కొద్ది గజాల ముందు పడగొట్టినవాడు, గీత మీద కుస్తీ పట్టడమే పనిగా ఉన్న విల్లిస్. అక్కడి నుంచి జెయింట్స్ టచ్‌డౌన్ చేయలేక మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యకు పంపడంతో) సరిపెట్టుకున్నారు. చివరికి బ్రౌన్స్ 8–3తో గెలిచారు. వారం తరువాత ఫైనల్‌లో లాస్ ఏంజెలెస్ రామ్స్‌ను 30–28తో ఓడించారు. ఆఖరి నిమిషంలో ఫీల్డ్ గోల్ కొట్టిన లూ గ్రోజా కూడా లైన్‌లో టాకిల్‌గా ఆడేవాడే.

ఆ పరుగును ఆపినందుకు 8–3 మ్యాచ్ స్కోరు పట్టికలో విల్లిస్ ఖాతాలో ఏమీ పడదు. కాని ఆ పరుగును అతడు ఆపకపోయి ఉంటే ఆ ఫైనల్‌లో బ్రౌన్స్ జట్టే ఉండేది కాదేమో.

ములుగు రోడ్డు పాఠకుడు:

పైన రాసినవారి ఉదాహరణలు బాగున్నాయి. నేను శీర్షిక విషయం చెబుతాను: "మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు" అన్న మాట తప్పు, దానిని తప్పక తీసివేయించండి.

1920లోనే ఫ్రిట్జ్ పోలార్డ్ అనే నల్లజాతి ఆటగాడు ఆక్రాన్ జట్టుకు ఆడాడు, మరుసటి ఏడాది అదే జట్టుకు శిక్షకుడిగా కూడా వ్యవహరించాడు. డ్యూక్ స్లేటర్ అనే అతడు 1920లలో లైన్‌లోనే టాకిల్‌గా ఆడి పేరు తెచ్చుకున్నాడు. అతడిని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకోవడానికి మాత్రం 2020 వరకు ఆగారు. 1934 నుంచి 1945 వరకు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. రాతపూర్వకమైన నిషేధం ఏదీ లేదు, యజమానులు తమలో తాము అనుకొని మూసిన తలుపు అది. కనుక 1946లో జరిగింది మొదటి ప్రవేశం కాదు, మూసిన తలుపు మళ్లీ తెరుచుకోవడం. నా దృష్టిలో ఈ సంగతి "మొదటివాడు" అన్న బిరుదు కంటే పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది. ఒకసారి వచ్చిన హక్కును మళ్లీ లాగేసుకోవచ్చునని అందులో ఉంది.

ఆ ఏడాది ప్రవేశించినవారు నలుగురు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రామ్స్ జట్టు కెన్నీ వాషింగ్టన్‌ను, వుడీ స్ట్రోడ్‌ను తీసుకుంది. క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు తరలిపోతున్న ఆ జట్టుకు అక్కడి ప్రజాధనంతో కట్టిన స్టేడియం కావలసి వచ్చింది, నల్లజాతివారిని తీసుకోకుండా స్టేడియం ఎలా ఇస్తారని స్థానిక పత్రికలవారు నిలదీశారు. ఏఏఎఫ్‌సీలో బ్రౌన్స్ జట్టు విల్లిస్‌ను, కొద్ది రోజుల తేడాతో ఫుల్‌బ్యాక్ మారియన్ మోట్లీని తీసుకుంది. బేస్‌బాల్‌లో జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది 1947 ఏప్రిల్‌లో. అంటే ఈ నలుగురూ అతడికంటే ముందే ఒక సీజన్ ఆడారు, అయినా ప్రపంచానికి గుర్తున్న పేరు రాబిన్సన్‌దే.

పాల్ బ్రౌన్‌ను సంఘసంస్కర్తగా చిత్రించకుండా కూడా పిల్లవాడిని హెచ్చరించండి. విల్లిస్‌కు కళాశాలలో అతడే శిక్షకుడు, మోట్లీ యుద్ధకాలంలో గ్రేట్ లేక్స్ నౌకాదళ కేంద్రం జట్టులో అతడి కిందే ఆడాడు. అతడికి గెలవగల ఆటగాళ్లు కావాలి, వీరిద్దరి సత్తా అతడికి ముందే తెలుసు. 1946 డిసెంబర్‌లో మయామీలో మ్యాచ్ ఉన్నప్పుడు, తెల్లవారితో కలిసి నల్లవారు ఆడడాన్ని ఒప్పుకోని ఫ్లోరిడా చట్టం ఒకవైపు, బెదిరింపులు మరొకవైపు ఉండగా, జట్టు వారిద్దరినీ క్లీవ్‌లాండ్‌లోనే వదిలి వెళ్లింది. అంతమాత్రాన అతడు చేసిన పని చిన్నదని నేను అనను. ఇద్దరినీ జట్టు నుంచి తీసివేయమని ఎవరు ఒత్తిడి చేసినా అతడు లొంగలేదు. కాని మయామీ సంగతిని దాచి రాసిన జీవితచరిత్ర విల్లిస్‌కు న్యాయం చేయదు. గీత మీద ఎదుటివాడు కావాలని చెయ్యి తొక్కినా, ముఖం మీద గుద్దినా ఎదురు దెబ్బ వేయకుండా ఆడవలసిన పరిస్థితి అతడిది. అప్పట్లో హెల్మెట్‌కు ముఖాన్ని కాపాడే కడ్డీ కూడా మామూలుగా ఉండేది కాదు.

హనుమకొండ వ్యాయామ ఉపాధ్యాయుడు:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ సమాధానాలను మా విద్యార్థికి చదివి వినిపించాను. శీర్షికను వాడే మార్చుకున్నాడు. బౌలింగ్ గ్రీన్ శిబిరంతో మొదలుపెట్టి, మయామీ సంగతిని మధ్యలో ఉంచి, 1950 మ్యాచ్‌ను విస్తారంగా రాస్తానంటున్నాడు. మయామీ సంగతి విన్న తరువాత, ఆ రోజు జట్టులోని మిగిలినవారు ఆడకుండా ఎందుకు ఉండలేదని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు, ఆ ప్రశ్నను కూడా వ్యాసంలో రాయమన్నాను.

ఇంకా రెండు విషయాలు తెలుసుకోవాలని ఉంది. ఒకటి, ఇప్పటి ఆటగాళ్లు దాడికి ఒకరు, రక్షణకు ఒకరు అన్నట్లు విడివిడిగా ఉంటారు గదా, విల్లిస్ కాలంలో కూడా అంతేనా? రెండు, 1953లో ఆట మానేసినప్పుడు అతడి వయసు 32 ఏళ్లే. మిగిలిన జీవితం ఏమి చేశాడు?

పాత ఆర్‌ఈసీ విద్యార్థి:

మొదటి ప్రశ్నకు జవాబు: ఆయన మొదటి ఏళ్లలో రెండు వైపులా ఆడాడు. తమ జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు గార్డ్‌గా, ఎదుటివారి చేతిలో ఉన్నప్పుడు మిడిల్ గార్డ్‌గా నిలిచేవాడు. ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చునన్న నియమం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్థిరపడింది 1950లో, రెండు వైపులకూ వేరువేరు ఆటగాళ్లను పెంచుకోవడం అన్ని జట్లకూ ఆ తరువాతే అలవాటైంది. విల్లిస్ తరువాతి కాలంలో రక్షణకే పరిమితమయ్యాడు. అతడిలోని వేగాన్ని వాడుకోవడానికి అప్పుడప్పుడు గీత మీద నుంచి ఒకటి రెండు అడుగులు వెనక్కి నిలిపేవారు. అక్కడి నుంచి పరుగుకు వచ్చేవాడిని అడ్డుకోవచ్చు, విసిరిన బంతి వైపూ పోవచ్చు. 1950లలో మిడిల్ లైన్‌బ్యాకర్ అనే స్థానం రూపుదిద్దుకోవడానికి దారి వేసినవారిలో ఇతడినీ లెక్కిస్తారు. ఎదుటివారే కాదు, ఆట రూపం కూడా ఇతడి వల్ల కొంత మారిందని నేను నమ్మడానికి ఇది మూడో ఉదాహరణ.

ఒక్క మాట మాత్రం సరిచూసుకోండి. 1950 తరువాత బ్రౌన్స్ వరుసగా గెలుస్తూ పోయారని పిల్లవాడు అనుకుంటాడేమో. 1951, 1952, 1953 మూడేళ్లూ ఫైనల్‌కు చేరి మూడుసార్లూ ఓడిపోయారు. 1953లో డెట్రాయిట్ లయన్స్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 17–16తో. విల్లిస్ చివరి సీజన్ అదే.

ఇక రెండో ప్రశ్న. ఆట మానేసిన తరువాత క్లీవ్‌లాండ్ నగరపాలక సంస్థలో, పిల్లల ఆటలు, వినోద కార్యక్రమాలు చూసే విభాగంలో పనిచేశాడు. 1960లలో ఒహాయో యూత్ కమిషన్‌లో చేరాడు. దారి తప్పి కోర్టుల దాకా వచ్చిన బాలబాలికల బాధ్యత చూసే ప్రభుత్వ సంస్థ అది. క్రమంగా దానికి అధిపతి అయి, 1983లో పదవీ విరమణ చేశాడు. మైదానంలో గడిపిన ఎనిమిదేళ్ల కంటే ఈ ఉద్యోగంలో గడిపిన కాలమే చాలా ఎక్కువ. మీరు ఉపాధ్యాయులు కాబట్టి చెబుతున్నాను, ఈ భాగానికి రెండు వాక్యాలతో సరిపెట్టకుండా ఒక పేరా అయినా ఇప్పించండి.

చివరగా తేదీల విషయం. హాల్ ఆఫ్ ఫేమ్‌లు రెండు ఉన్నాయి. కళాశాల ఫుట్‌బాల్‌కు సంబంధించిన దానిలో అతడు 1971లో చేరాడు, కాంటన్‌లో ఉన్న వృత్తి ఫుట్‌బాల్ దానిలో 1977లో చేరాడు. మోట్లీకి కాంటన్ గౌరవం 1968లోనే వచ్చింది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం 2007 నవంబర్‌లో విల్లిస్ ధరించిన 99వ నంబరును ఇకపై ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించింది, అదే నెలాఖరున ఆయన కొలంబస్‌లో మరణించాడు. గోడపత్రికలో పుట్టిన తేదీ వేస్తున్నట్లయితే అది 1921 అక్టోబర్ 5.